ఎవరెక్కువ?

నేను జయకృష్ణ గారి మూడో బిడ్డనని మా ఊరికి మైకులో తెలిసింది. మైకు లేకుండా అయితే అందరికీ ముందే తెలుసు. నేను పుట్టిన నాటి నుంచీ తెలుసు. తెలిసినా ఎవరూ పైకి అనరు. మా పామర్రు చుట్టుపక్కల మర్యాద అంటే అదే.

సంగతి చిన్నదే. నేను కడుపులో పడేనాటికి ఆయన సర్పంచ్. ఇంట్లో అప్పటికే ఇద్దరు మగపిల్లలు. మూడో బిడ్డ పుడితే పదవి ఊడుతుందని అప్పట్లో రూలు. ఆయన అన్నయ్య బసవయ్యకీ వదిన పద్మావతమ్మకీ పిల్లల్లేరు. అందుకని కన్నతల్లి పురిటికి వెళ్లి ఒట్టి చేతులతో తిరిగొచ్చింది, పద్మావతమ్మ ఒళ్లోకి నేనొచ్చాను. అలా బసవయ్య నాకు నాన్న, పద్మావతమ్మ అమ్మ. కన్నవాళ్లు గోడ అవతల బాబాయి, పిన్ని. ఈ ఏర్పాటులో లాభపడింది నేనే. మా నాన్నలాంటి మనిషి ఆ గోడ అవతల దొరకడు.

పోయిన వేసవి నాటికి ఆ రూలు ఎత్తేశారు. పంచాయతీ ఎన్నికలు వస్తున్నాయన్నారు. బాబాయి మళ్లీ తెల్ల చొక్కాలకి గంజి పెట్టించడం మొదలుపెట్టాడు.

నేను బెజవాడ గవర్నర్‌పేటలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పనిచేస్తాను. భవానీపురంలో హాస్టల్. శనివారాలు ఊరొస్తాను. ఫిబ్రవరిలో ఒక శనివారం నేను బస్సు దిగి ఇంటికొచ్చేసరికి అన్నదమ్ములిద్దరూ వసారాలో కూర్చుని ఉన్నారు. బాబాయి చేతిలో ఫోను, అందులో మా మంచినీళ్ల చెరువు ఫోటో, దాని మీద ప్లాట్ల గీతలు.

“సగమే అన్నయ్యా. తూర్పు వైపు ఎలాగూ మేట వేసింది. మట్టి తోలిస్తే కాలనీవాళ్లందరికీ స్థలాలొస్తాయి.”

“మిగతా సగం ఊరికి సరిపోతుందా?” అన్నాడు నాన్న.

“లోతు చేయిద్దాం.”

“లోతు చేస్తే ఉప్పు నీళ్లు తగులుతాయి. మీ దొడ్లో బోరు వేసి చూసుకున్నావుగా.”

మా వైపు నేలలో పడే నీళ్లు నోట పెట్టలేం. కాలవ కట్టేసేలోపు కృష్ణ నీళ్లతో చెరువు నింపుకుని, మళ్లీ కాలవ వదిలేదాకా అవే తాగాలి. ఆ కృష్ణ కూడా బెజవాడ ఊరంతా తాగి, కడుక్కుని, వదిలేసిందే అనుకోండి. నాన్న ఒకప్పుడు నీటి సంఘం ప్రెసిడెంటు. ఆ చెరువు మీద ఆయనకున్న పట్టింపు మా అమ్మకి వంటింటి మీద కూడా లేదు.

“మరి వాళ్లనెక్కడ కట్టుకోమంటావు?” అన్నాడు బాబాయి.

“ఆవుల మేత భూమి ఉండేదిగా. చేపల చెరువులైంది. ఎవరు చేసుకుంటున్నారో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ముందు అదడుగు. అదడిగాక కూడా ఇంకో మాట మాట్లాడుకోవాలిరా. ఇళ్లు చాలట్లేదు, నీళ్లు చాలట్లేదు, చెత్త పోసుకోడానికి కాలవ గట్టు చాలట్లేదు. ఏం ఎక్కువైందని చాలట్లేదు?”

“ఏం ఎక్కువైంది?”

“మనుషులం.”

బాబాయి బూతులు ధారాళంగా మాట్లాడతాడు, ఆడవాళ్ల ముందైనా సరే. ఈ మాటకి మాత్రం వీధి వైపు చూసి గొంతు తగ్గించాడు.

“ఇంట్లో అన్నావు, సరే. బయట అనకన్నయ్యా. అసహ్యంగా ఉంటుంది. పైగా ఇప్పుడు పెద్ద పెద్దవాళ్లే ఇంకా కనమంటున్నారు. ముసలోళ్లు పెరిగిపోతున్నారంట, పిల్లలు తగ్గిపోతున్నారంట. నువ్వు పేపరు చూడట్లేదా?”

“చూస్తున్నా. నిజమే, ఏ ఇంట్లో చూసినా ఒకరూ ఇద్దరే. అయినా ఊరు పట్టట్లేదు. ఎందుకు పట్టట్లేదో కూర్చుని మాట్లాడుకుందామంటున్నా. ఎవర్నీ చంపమనట్లేదుగా.”

“అన్నాల వేళ చావు మాటలేంటండీ,” అని లోపలి నుంచి అమ్మ కసిరింది. ఆ పూటకి అంతటితో ఆగింది.

గ్రామసభ హైస్కూలు ఆవరణలో పెట్టారు. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, బాబాయి ఖర్చుతో మజ్జిగ ప్యాకెట్లు. స్టీఫెన్ ముందు లేచాడు. కాలనీ తరఫున వార్డు మెంబరుగా చేసినవాడు, ఇళ్లకి రంగులు వేస్తాడు.

“మా ఇంట్లో మూడు కాపురాలండి. మధ్యలో చీరలు కట్టుకుని పడుకుంటున్నాం. చెరువు పూడ్చమని మేం అడగలేదు. జాగా అడిగాం. ఎక్కడిస్తారో మీ ఇష్టం.”

దానికి వంక పెట్టగలిగినవాడు ఎవడూ లేడు. నాన్నా పెట్టలేదు. మైకు తీసుకుని స్టీఫెన్ వాళ్లకి స్థలాలు ఇచ్చి తీరాలన్నాడు. మేత భూమి సంగతి ఎత్తేసరికి ముందు వరసలో నలుగురు పెద్దమనుషులు ఫోన్లు తీసి చూసుకోసాగారు. ఆ తర్వాత ఆ మాట అన్నాడు.

“ఈ చెరువు తవ్విననాడు ఊరెంత, ఇవాళ ఊరెంత? చెరువు మాత్రం పెరగలేదు. మనం ఎక్కువయ్యాం. ఆ మాట ఒప్పుకుని ఏం చెయ్యాలో ఆలోచిద్దాం. ఒప్పుకోకుండా ఇవాళ చెరువు పూడిస్తే రేపు పంటబోదెలు పూడుస్తాం, ఎల్లుండి పొలాలు పూడుస్తాం.”

అప్పుడొక వింత చూశాను. ‘మనం’ అని ఆయనంటే ఎవరూ తమవైపు చూసుకోలేదు. కొందరు కాలనీవాళ్లు కూర్చున్న వైపు తిరిగారు. ఎక్కువమంది టైలర్ నిసార్ అహ్మద్ గారి వైపు తిరిగారు. ఆయనకి ఉన్నది ఒక్కతే కూతురు, ఫౌజియా. నాతోనే చదువుకుంది. ఆయన తల వంచుకుని మజ్జిగ ప్యాకెట్టు మూల జాగ్రత్తగా చింపుకుంటున్నాడు.

“ఎవరెక్కువయ్యారో పేర్లు చెప్పండి బసవయ్య గారూ!” అని వెనక నుంచి ఒకాయన అరిచాడు.

“పిల్లలు పుట్టనాయనకి ఇట్టాంటి మాటలే వస్తాయి,” అంది ఒక ఆడగొంతు.

“నేను ఎవర్నీ...” అని నాన్న అంటుండగానే బాబాయి మైకు తీసుకున్నాడు. లాక్కోలేదు. మర్యాదగానే తీసుకున్నాడు.

“మా అన్నయ్య బంగారంలాంటి మనిషి. కానీ ఒక్కటి అడుగుతాను. ఇవాళ దాచాల్సిన పన్లేదు కాబట్టి అందరి ముందూ చెప్తున్నా. సాయిశ్రీ నా కూతురు. నా మూడో బిడ్డ. రామ్మా, ఇలా రా.”

పిన్ని నా జబ్బ పట్టుకుని లేపింది. లేచాను. ఎందుకు లేచానంటే ఏం చెప్పను, అంతమంది చూస్తుంటే కాళ్లు వాటంతటవే నడుస్తాయి. బాబాయి నా తల మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి నా తల మీద పడడం అదే మొదలు.

“రూలు ప్రకారం ఈ పిల్ల పుట్టకూడదు. పుట్టింది. చదువుకుంది. ఉద్యోగం చేస్తోంది. మా అన్నయ్య ఇంట్లో దీపం పెట్టింది. ఇప్పుడు చెప్పన్నయ్యా. ఈ పిల్ల ఎక్కువా?”

నాన్న నా వంక చూశాడు. ఏదో ఒకటి అంటాడనే అనుకున్నాను. నీళ్ల తగాదాల్లో కర్రలు పట్టుకొచ్చినవాళ్లకి సమాధానం చెప్పి పంపిన మనిషి. వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. చేతులెత్తమన్నారు, ఎత్తారు. సగం చెరువు పూడ్చడానికి తీర్మానమైంది.

ఇంటికి నడిచి వస్తుంటే నిసార్ అహ్మద్ గారు వెనక నుంచి వచ్చి కలిశాడు.

“మీరు ‘మనం ఎక్కువయ్యాం’ అంటే అందరూ నా వంక చూశారేంటండీ బసవయ్య గారూ? నాకున్నది ఒక్క పిల్లేగా,” అని నవ్వాడు. నవ్వు మాత్రం సరిగా రాలేదు.

“నిన్ను అనలేదయ్యా. నీకు తెలుసు.”

“మీరనరండీ. కానీ ఆ మాట ఎవరన్నా చివరికొచ్చి మా గుమ్మంలోనే ఆగుద్ది. అందుకని మేమెప్పుడూ అనం.”

ఆయన తన వీధిలోకి తిరిగాక నేను ఉండబట్టలేక అడిగేశాను. “ఎందుకు నాన్నా, అలా కూర్చుండిపోయావు? ఏదో ఒకటి అనొచ్చుగా?”

“ఏమనమంటావు? అవునంటే నువ్వు పోతావు. కాదంటే చెరువు పోతుంది.”

“నేనెక్కడికీ పోను. మాటేగా.”

“నా నోటితో అనలేనమ్మా,” అన్నాడు. అంతే. తర్వాత ఆ విషయం నేనెత్తితే లేచి దొడ్లోకి వెళ్లిపోయేవాడు. బాబాయి మీద నాకు కోపం సహజమే. నాన్న మీద ఎక్కువ కోపం వచ్చింది. నాకోసమే నోరు మూసుకున్నాడని తెలిసి కూడా వచ్చింది.

మార్చి అంతా టిప్పర్లు తిరిగాయి. మా వీధి ఎర్రటి దుమ్ము. బాబాయి నా వాట్సాప్ ఫోటో తీసి ఫ్లెక్సీ వేయించాడు. మధ్యలో ఆయన, చుట్టూ భార్య, ఇద్దరు కొడుకులు, నేను. కింద ‘ముగ్గురు బిడ్డల తండ్రి, ఊరందరికీ అండ’ అని. అది పంచాయతీ ఆఫీసు ముందు కట్టారు. ఒకరోజు దాని కింద నన్ను ఆపాడు.

“ఇంక భయం లేదుగా. నాన్నా అని పిలువమ్మా.”

“అలవాటు లేదు బాబాయ్,” అన్నాను.

ఏప్రిల్లో కాలవ కట్టేసే ముందు నీళ్లు వదిలారు. చెరువు సగమైంది కదా, ఎప్పుడూ పట్టే రోజుల్లో సగానికే నిండిపోయింది. గట్టు ఒరుసుకుని నీళ్లు. జనం వచ్చి చూసి సంబరపడ్డారు. ఎప్పుడూ ఇంత నిండుగా చూడలేదన్నారు. బాబాయి నాన్నని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించాడు. “ఊరికే భయపడ్డావన్నయ్యా. చూడు, నిండు కుండలా ఉంది.” నాన్న చూశాడు. తలూపి వచ్చేశాడు. చిన్న గిన్నె త్వరగా నిండుతుందని అక్కడ ఎవరికి చెప్పాలి? చిన్నపిల్లలకి కూడా తెలిసిన విషయమే.

మే నెల సగానికి నీళ్లు మోకాలు లోతుకొచ్చాయి. పచ్చగా మారాయి. కొత్త ప్లాట్లలో పాకలు వేసుకున్నవాళ్లకి మరుగుదొడ్లు ఇంకా రాలేదు, గట్టు అవతలే వాళ్ల అవసరాలు. ఊళ్లో నీళ్ల ప్లాంటుకి తోడుకునే నీళ్లు లేక మూసేశారు. బళ్లున్నవాళ్లు పామర్రు నుంచి నీళ్ల టిన్నులు తెచ్చుకున్నారు. ఊరంతా కారణాలు వెతికింది. చేపల చెరువులవాళ్లు మందులు కలుపుతున్నారన్నారు. కాలవ ఆఫీసర్లు తక్కువ వదిలారన్నారు. బెజవాడ మురుగన్నారు. కాలనీవాళ్లకి శుభ్రత లేదన్నారు. అన్నింట్లో కొంత కొంత నిజం లేకపోలేదు. గ్రామసభలో నాన్న అన్న మాట మాత్రం ఒక్కరూ ఎత్తలేదు, అది అన్న నాన్నతో సహా.

అమ్మ మా ఇద్దరికీ నీళ్లు కాచి, చల్లార్చి, గుడ్డలో వడబోసి ఇచ్చేది. టిన్నులకి ఒప్పుకోలేదు. “ఎక్కడ పట్టుకొస్తారో ఏమో, ఇవి మన నీళ్లు,” అనేది. మే చివర్లో ఒక శనివారం వచ్చేసరికి వీధి అరుగు మీద కూర్చుని ఉంది. సాయంత్రం వెలుగులో కళ్లు పచ్చగా కనిపించాయి.

“వీధిలో నలుగురికి వచ్చిందిలే. పసరు పోయించుకుంటే తగ్గుతుంది,” అంది.

అప్పటికే పక్కూళ్లో రెండుసార్లు పోయించుకుంది. కడుపులో నీళ్లు కూడా నిలవడం లేదు. బాబాయి తన కారు తీశాడు. బెజవాడ దాకా తనే నడిపాడు, దారి పొడవునా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు. ఆయనకి వదినంటే ప్రాణం. ఆ మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కుర్రది, నా వయసే ఉంటుంది. “ఏం నీళ్లు తాగుతారమ్మా?” అని అడిగింది.

“కాచినవేనండీ,” అన్నాను నేను. “మా అమ్మ చాలా జాగ్రత్త. మాకు చుక్క కూడా కాచకుండా ఇవ్వదు.”

“కాచనివి దేంట్లోనూ వాడలేదా?”

అమ్మ మంచం మీద నుంచి నెమ్మదిగా అంది. “తాగలేదండీ. చద్దన్నంలో పోసుకున్నానంతే.”

డాక్టరమ్మకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసి మూతపెట్టి పొద్దున ఉల్లిపాయతో తినడం ఆవిడకి చిన్నప్పటి నుంచీ అలవాటు. వేసవంతా అదే ఆవిడ టిఫిను.

“కాచిన నీళ్లు పోస్తే పులవదు కదండీ,” అంది అమ్మ, తప్పు చేసిన పిల్లలా మా ఇద్దరి వంకా చూస్తూ.

సుగరు ముందే ఉంది. లివరు పాడైపోయిందన్నారు. వారం తిరక్కుండా అమ్మ పోయింది. నేను కారిడార్లో గోడకి తల కొట్టుకున్నాను. నాన్న నన్ను పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆయన ఏడవలేదు. ఆయన ఏడ్చి ఉంటే నాకు బాగుండేది.

పెద్దకర్మ నాటికి కాలవలు వదిలారు. చెరువు మళ్లీ త్వరగానే నిండింది. మా దొడ్లో టెంటు వేసి భోజనాలు పెట్టారు. ఊరంతా వచ్చింది. వచ్చినవాళ్లందరూ ఒకే మాట పట్టుకున్నారు. “సుగరుంటే అంతేనండీ.” “పుణ్యాత్మురాలు, బాధపడకుండా పోయింది.” బాధపడలేదని వీళ్లకెవరు చెప్పారో. స్టీఫెన్ వచ్చి నాన్న ముందు నేల మీద కూర్చున్నాడు. కుర్చీ వేస్తామన్నా వద్దన్నాడు.

“మా మనవడికీ వచ్చిందండి కామెర్లు. బతికాడు,” అన్నాడు. “పాక వేసుకున్నాం సార్. గోడలు లేవాలి ఇంకా,” అన్నాడు. నాన్న ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. ఇద్దరికీ చెప్పుకోవాల్సింది చాలా ఉంది.

భోజనాలయ్యాక బంధువులు వసారాలో చేరారు. పిన్ని నా పక్కన కూర్చుని, గుసగుసగా చెప్తున్నట్టే అందరికీ వినపడేలా చెప్పింది. పెద్దకొడుకు జయంత్ భార్యకి మళ్లీ నెల తప్పిందట. ఇద్దరి తర్వాత ఇది మూడోది.

“అయితే ఇంకేం, పద్మావతమ్మే మళ్లీ వస్తోంది!” అంది ఒక పెద్దావిడ, చేతులు జోడించి.

వసారా అంతా ఒక్కసారిగా తేలికపడింది. అవునవును అన్నారు. అమ్మ పోలికే వస్తుందన్నారు. ఆడపిల్లే అన్నారు. ఎవరో నాన్నకి కూడా శుభాకాంక్షలు చెప్పారు. ఆ ఒక్క క్షణం నాకూ సంతోషం వేసింది. అమ్మ కళ్లు ఎక్కడో తెరుచుకుంటాయనిపించింది. వెంటనే నా మీద నాకే అసహ్యం వేసింది. ఇంత తీయటి మాటకి ఎదురు ఏం చెప్తారు ఎవరైనా? గ్రామసభలో నాన్న ఎందుకు కూర్చుండిపోయాడో అప్పుడు తెలిసింది.

“సాయీ, కాసిని మంచినీళ్లు తెచ్చిపెట్టమ్మా,” అన్నాడు బాబాయి. పొద్దుటి నుంచీ వడ్డనల దగ్గర తిరిగి తిరిగి ఆయన చొక్కా ఒంటికి అంటుకుపోయింది.

వంటింట్లోకి వెళ్లాను. భోజనాలకి పామర్రు నుంచి తెప్పించిన టిన్నులు నిండుకున్నాయి. బిందెలో పొద్దున నేను కాచి చల్లార్చి పోసిన నీళ్లున్నాయి. గ్లాసు ముంచి తెచ్చి ఇచ్చాను.

నోటి దాకా ఎత్తి ఆగాడు. “టిన్ను నీళ్లేగా?”

ఆ మాట ఆయన ఆలోచించి అన్నది కాదు. ఈ మధ్య ఊళ్లో ఎవరింటికి వెళ్లినా అందరూ అడిగేదే.

“టిన్నులు అయిపోయాయి. చెరువువి బాబాయ్. కాచినవే.”

గ్లాసు ఆయన చేతిలోనే ఉంది. దాంట్లోకి ఒకసారి చూశాడు. నా వంక చూడలేదు. గోడకి ఆనుకుని కూర్చున్న నాన్న, చాలా రోజుల తర్వాత, తమ్ముడితో నోరు విప్పాడు.

“తాగరా.”

బాబాయి గ్లాసు కుర్చీ కింద నెమ్మదిగా పెట్టాడు. కండువాతో మెడ తుడుచుకున్నాడు.

“ఈసారి వానలు ఆలస్యమంటగా,” అన్నాడు.

“అవునంట,” అన్నారు అందరూ.